మేకుల చప్పుడు వీధి చివరిదాకా వినబడాలి: మధ్యయుగ యూరప్ నాటకాన్ని ఆడించే పద్ధతి

మా నాన్న వడ్రంగి. ఇంటి ముందు రేకుల పందిరి కింద పని చేసేవారు. రంపపు పొట్టు వాసనలో, కొలతల మీద జరిగే వాదాల మధ్య నేను పెరిగాను. ఎం.ఏ. ఇంగ్లీషు చదివే రోజుల్లో, ఇంగ్లండులోని యార్క్ నగరంలో మధ్యయుగంలో ఆడిన ‘సిలువ వేయడం’ నాటకాన్ని మొదటిసారి చదివాను. ఆనాటి ఇంగ్లీషు కనుక పక్కన ఇచ్చిన అర్థాలు చూసుకుంటూ ఒక్కొక్క పంక్తీ దాటుతున్నాను. నలుగురు సైనికులు ఒక మనిషిని కొయ్యకు మేకులతో కొట్టడానికి వచ్చారు. బెజ్జాలు ముందే పొడిచి ఉన్నాయి. తీరా చేయి చాపితే బెజ్జం అందలేదు. అడుగు పైన తక్కువైంది. గుర్తు తప్పు చోట పడిందని ఒకడు, కొలత సరిగా గీయలేదని ఇంకొకడు, తాడు కట్టి లాగితే సరిపోతుందని మరొకడు. పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. అవి మా పందిరి కింద రోజూ వినబడే మాటలే.

ఆ నాటకం ఆడినవాళ్ళు గుండుసూదులు, కొక్కేలు వంటి చిన్న చిన్న తీగ సామాను చేసి అమ్ముకునే పనివాళ్ళు. పనివాళ్ళ మాటల్ని, పనివాళ్ళ చిరాకును దేవుడి కథలో పెట్టి, తమ ఊరి వీధుల్లో, తమ ఇరుగుపొరుగు ముందు ఆడారు. ఆ తరువాత 27 ఏళ్ళు డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పాను. మొదట్లో ఈ పాఠాన్ని ఉపన్యాసంగా చెప్పి పిల్లలతో తేదీలు రాయించాను. వాళ్ళకు మార్కులు వచ్చాయి, నాటకం మాత్రం రాలేదు. అప్పటి నుంచి ఆడించడం మొదలుపెట్టాను. 11 సార్లు ఆడించాక చేతికి వచ్చిన పద్ధతి ఇది. 12 మంది పిల్లలు, ఆరు వారాల సాయంత్రాలు, ఒక ట్రాక్టరు ట్రాలీ ఉంటే చాలు.

ముందు నాలుగు గొంతులు

మొదటి రోజు చరిత్ర చెప్పకండి. గదిలో దీపాలు తీసేసి ఒక్కటే ఉంచండి. ఒక మూల తెల్లని గుడ్డ కప్పిన బల్ల పెట్టండి. తెల్లటి అంగీ వేసుకున్న ఒకరు తాటాకు చేత పట్టుకుని దాని పక్కన మౌనంగా కూర్చోవాలి. ముగ్గురు తల మీదుగా దుప్పట్లు కప్పుకుని, సాంబ్రాణి పొగ వేసుకుంటూ, దేనినో వెతుకుతున్నవాళ్ళలా అడుగులో అడుగు వేసుకుంటూ రావాలి. కూర్చున్నవారు మెల్లగా, తీయగా అడగాలి: “క్వెమ్ క్వేరితిస్?” ఎవరిని వెతుకుతున్నారు? “నజరేతువాడైన యేసును.” “ఆయన ఇక్కడ లేడు, లేచాడు.” వచ్చినవాళ్ళు బల్ల మీది ఖాళీ గుడ్డను ఎత్తి అందరికీ చూపించాలి. అంతే నాటకం.

ఈ సూచనలు నా సొంతం కావు. సుమారు 970లో వించెస్టర్ బిషప్ ఏథెల్‌వోల్డ్ ఇంగ్లండులోని మఠాల కోసం కూర్చిన ‘రెగ్యులారిస్ కొంకోర్డియా’ అనే నియమావళిలో, ఈస్టర్ వేకువ ప్రార్థన దగ్గర ఉన్నవే. తాటాకు స్థానంలో అక్కడ తాళజాతి మట్ట, దుప్పట్ల స్థానంలో పురోహితుల పై వస్త్రాలు. సమాధి దగ్గరికి వచ్చిన ముగ్గురు స్త్రీలుగా ముగ్గురు సన్యాసులు నడిచారు. దుస్తులు ఏమిటో, చేతిలో ఏముండాలో, నడక ఎలా ఉండాలో, గొంతు ఎలా ఉండాలో, ఆఖరున గంటలన్నీ కలిపి మోగించాలని కూడా అందులో రాసి ఉంది. “వెతుకుతున్నవాళ్ళలా” అన్న ఆ ఒక్క మాట దగ్గర పిల్లలను ఆపండి. ప్రార్థన చేసే మనిషి ఇంకొక మనిషిలా నడవడం మొదలుపెట్టింది అక్కడే.

ఇక్కడ పిల్లలు చేసే పొరపాటు ఎప్పుడూ ఒకటే, ఏడుపు. ముగ్గురూ వెక్కి వెక్కి ఏడుస్తూ వస్తారు. ఆపి, మూలంలో ఏడుపు లేదని, వెతకడం మాత్రమే ఉందని చెప్పండి. నేను ఒక ఏడు గదిలో ఒక అమ్మాయి గొలుసు దాచి, ముగ్గురినీ నిజంగానే వెతకమన్నాను. ఆ నడక గుర్తుపెట్టుకోమని చెప్పి, వెంటనే నాటకంలోకి దింపాను. ఆ రోజు తరువాత ఆ ముగ్గురికీ నడక మళ్ళీ నేర్పవలసిన పని పడలేదు.

ఇక్కడే ఇంకొక సంగతి. ఇవి క్రైస్తవ విశ్వాసంలో నుంచి పుట్టిన నాటకాలు. మన తరగతిలో అన్ని మతాల పిల్లలూ ఉంటారు. ముందుగానే అందరికీ, ఇళ్ళలో పెద్దలకు కూడా, ఏమి ఆడబోతున్నామో చెప్పండి. ఇష్టం లేనివారికి తెర వెనుక పని ఇవ్వండి. ఆ కాలపు నాటకాల్లో యూదుల మీద ద్వేషం నింపినవి కొన్ని ఉన్నాయి. వాటిని ఎంచుకోకండి. ఎందుకు వదిలేస్తున్నామో మాత్రం పిల్లలకు దాచకుండా చెప్పండి.

ఆదాము నాటకం పెట్టే షరతులు

రెండో వారం గదిలో నుంచి వరండాలోకి రండి. 12వ శతాబ్దంలో ఆంగ్లో-నార్మన్ ఫ్రెంచిలో రాసిన ఆదాము నాటకం ఒకటి ఉంది. సంభాషణలు ప్రజల భాషలో, రంగ సూచనలు లాటిన్‌లో. ఆ సూచనలను నేను కొత్త నటులకు మొదటి పాఠంగా వాడతాను. స్వర్గం ఎత్తైన చోట ఉండాలి. చుట్టూ పట్టు గుడ్డలు కట్టాలి, లోపలివాళ్ళు భుజాల నుంచి పైకి మాత్రమే కనబడాలి. సువాసన పూలు, ఆకులు, పండ్లు వేలాడే చెట్లు ఉండాలి. ఆదాముకు ఎర్ర అంగీ, హవ్వకు తెల్ల బట్టలు. ఎదుటివారి మాటకు జవాబు మరీ త్వరగానూ రాకూడదు, మరీ ఆలస్యంగానూ రాకూడదు. ఒక్క అక్షరం కలపకూడదు, ఒక్కటి తీయకూడదు. స్వర్గం అన్న మాట పలికినవారు స్వర్గం వైపు చూసి చేయి చూపించాలి.

ఈ చివరి సూచన చిన్నదిగా కనిపిస్తుంది, చేసి చూస్తే దాని బలం తెలుస్తుంది. వరండాలో ఒక చివర పూల పందిరి కట్టి, పిల్లలను ఊరికే మాట్లాడుకోమనండి. “స్వర్గం” అన్నప్పుడల్లా అటు చేయి చూపాలి. పది నిమిషాల్లో చూసేవాళ్ళ తలలు కూడా అటు తిరుగుతాయి. ఆ తరువాత ఆదామును బయటికి పంపేయండి. అతడు మాట్లాడుతూ అటు చేయి చూపగానే ఏమి పోగొట్టుకున్నాడో ఎవరూ వివరించనవసరం లేదు. ఆ నాటకంలో దయ్యాలు జనం మధ్య పరుగెత్తుతాయి. ఆదామునూ హవ్వనూ సంకెళ్ళతో నరకంలోకి లాక్కుపోయి, లోపల నుంచి పొగ లేపి, కుండలూ గిన్నెలూ మోగిస్తాయి. మీ దయ్యాలకు స్టీలు గిన్నెలు, గరిటెలు ఇవ్వండి.

నాటకం చర్చి లోపల పుట్టి, గుమ్మం దగ్గరికి వచ్చి, అక్కడ నుంచి బజారులోకి నడిచిందని పాఠ్యపుస్తకాలు మెట్లు కట్టినట్లు చెబుతాయి. పిల్లలతో అలా రాయించకండి. చర్చి లోపలి లాటిన్ నాటకాలు బజారు నాటకాలు వచ్చాక కూడా వందల ఏళ్ళు సాగాయి. 10వ శతాబ్దంలోనే జర్మనీలోని గాండర్‌షైమ్ మఠంలో హ్రోత్స్‌విత అనే స్త్రీ ఆరు నాటకాలు రాసింది. 12వ శతాబ్దం మధ్యలో బింగెన్‌కు చెందిన హిల్డెగార్డ్ అనే సన్యాసిని తన సంగీత నాటకంలో సద్గుణాలన్నిటికీ పాటలు ఇచ్చి, దయ్యానికి మాత్రం పాట ఇవ్వలేదు. అది అరవాలి, అంతే. మెట్లకన్నా ఏటి పాయలు అనడం సత్యానికి దగ్గర.

ఎవరి చేతికి ఏ నాటకం

1264లో నాలుగవ అర్బన్ పోపు ‘కార్పస్ క్రిస్తి’, అంటే క్రీస్తు శరీరం, అనే పండుగను ప్రకటించాడు. 14వ శతాబ్దం మొదట్లో అది యూరప్ అంతటా పాకింది. మే చివర నుంచి జూన్ చివరలోగా వచ్చే పండుగ. అక్కడ అవి పొడవైన పగళ్ళు, బయట ఆడుకోవడానికి మంచి వాతావరణం. ఇంగ్లండు ఉత్తరాన యార్క్‌లో ఈ పండుగ రోజున సృష్టి మొదలు అంతిమ తీర్పు దాకా దాదాపు 50 చిన్న నాటకాలు బండ్ల మీద ఊరేగేవి. 1376 నాటికే ఆ బండ్లు పెట్టుకునే కొట్లు ఉన్నట్టు నగర పత్రాల్లో ఉంది. 1415లో ఏ వృత్తి సంఘం ఏ నాటకం ఆడాలో జాబితా రాయించారు.

ఆ పంపకం చూడండి. ఓడ కట్టేవాళ్ళకు నోవహు ఓడ కట్టే నాటకం. జాలరులకు, నావికులకు జలప్రళయం. రొట్టెలు కాల్చేవాళ్ళకు ప్రభువు కడపటి భోజనం. కసాయివాళ్ళకు క్రీస్తు మరణం. ఇళ్ళ కప్పులు వేసేవాళ్ళకు యేసు పుట్టుక. ఆ నాటకంలో యోసేపు పశువుల పాకలోకి రాగానే గోడలు కూలాయని, తల పైన కప్పు చిరిగిపోయిందని బాధపడతాడు. కప్పు వేసే మేస్త్రీ నోట ఆ మాట వింటూ ఎదుట నిలుచున్న జనం ఎలా చూసి ఉంటారో ఊహించుకోండి. ఓడ నాటకంలో నోవహు పలకను పలకకు జోడిస్తూ, మేకులు దిగగొడుతూ మాట్లాడతాడు. ఈ నాటకాలను ‘మిస్టరీ’ నాటకాలు అంటారు. ఆనాటి ఇంగ్లీషులో ఆ మాటకు చేతివృత్తి అనే అర్థం కూడా ఉండేది.

మీరు కూడా పాత్రలు పంచే ముందు పని పంచండి. అయితే ఒక జాగ్రత్త. “మీ ఇంట్లో ఏమి పని చేస్తారు?” అని తరగతిలో అందరి ముందు అడగకండి. మన దగ్గర అది కులం అడిగినట్టు అవుతుంది. నేను ఒకసారి అలా అడిగి, ఒక అబ్బాయి తల వంచుకోవడం చూశాను. ఆ తప్పు మళ్ళీ చేయలేదు. “మీ చేతులకు ఏమి వచ్చు?” అని అడగండి. ఒకరు కుట్టు మిషను తొక్కుతారు. ఒకరికి గోడ కట్టడం వచ్చు. ఒకరు హోటల్లో పిండి కలుపుతారు. ఒకరు వల అల్లుతారు. ఆ పని వేదిక మీద నిజంగా జరగాలి. రొట్టె నటించకూడదు, కాల్చి తేవాలి. రెండో ఏడు నుంచి పిల్లలు అడగకుండానే వచ్చి “మేడం, నాకు వెల్డింగ్ వచ్చు” అని చెప్పడం మొదలుపెట్టారు.

అమ్మాయిలకు ఏ పాత్ర ఇవ్వాలన్న సందేహం వద్దు. యార్క్‌లో ఆడింది ఎక్కువగా మగవాళ్ళే అయినా, 1468లో ఫ్రెంచి మాట్లాడే మెట్స్ నగరంలో అద్దాల పనివాడి కూతురు, 18 ఏళ్ళ అమ్మాయి, సెయింట్ కేథరిన్ పాత్రలో 2,300 పంక్తులు చెప్పింది. నా సైనికుల్లో ఇద్దరు ఎప్పుడూ అమ్మాయిలే.

బండి

ఆనాటి ఇంగ్లీషులో నాటకానికీ, అది ఎక్కే బండికీ ఒకటే పేరు, పేజెంట్. మనకు ట్రాక్టరు ట్రాలీ సరిపోతుంది. మాది పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు. మూడు వైపుల అంచులు దించి, నాలుగు మూలలా సరుగుడు బాదులు నిలబెట్టి, పైన వెదురు చట్రం కట్టండి. చక్రాలకు ముందూ వెనుకా రాళ్ళు పెట్టి, పది మందిని ఎక్కించి గట్టిగా ఊపి చూశాకే రిహార్సల్ మొదలుపెట్టాలి. ఇంజను తీసేసి మనుషులే లాగాలి. తేరు లాగిన ఊళ్ళవాళ్ళం కాబట్టి పిల్లలకు ఇది చెప్పనవసరం లేదు. తాడు కనబడగానే వరుసలో నిలబడతారు.

అలంకరణకు ఒక పాత జాబితా సహాయం చేస్తుంది. యార్క్‌లో అంతిమ తీర్పు ఆడే సంపన్న వర్తకుల సంఘం 1433లో తన బండి సామాను మొత్తం రాసిపెట్టుకుంది. నాలుగు చక్రాల బండి, నరకానికి గుమ్మంగా నిలిపే ‘నరకపు నోరు’, దయ్యాల దుస్తులు, మొహంతొడుగులు, దేవుడికి గాయాలు గుర్తించిన చొక్కా, బంగారు పూత మొహంతొడుగు, ఆయన కూర్చుని పైకి లేవడానికి తాళ్ళు కట్టిన ఇనుప పీఠం. అన్నిటికన్నా నాకు ఇష్టమైనవి తొమ్మిది చిన్న దేవదూతల బొమ్మలు. ఎర్రరంగు వేసి, సన్నని పొడుగు తాడు కట్టి, లాగితే స్వర్గంలో పరుగెత్తేలా చేశారు. మీరు వాటిని తప్పక చేయండి. అట్టతో కోసి, ఎర్రరంగు వేసి, పై చట్రానికి రెండు కప్పీలు బిగించి, నూలుతాడు మీద నడిపించండి. ఒక మధ్యాహ్నం పని. నేను చూసిన ప్రతి ప్రదర్శనలోనూ పెద్దవాళ్ళు కూడా నోరు తెరిచి చూసింది వాటినే.

దేవుడికి మొహంతొడుగు ఎందుకో కూడా చెప్పండి. యార్క్‌లో ఒక్కొక్క బండి మీద ఒక్కొక్క యేసు. మనిషి మారినా దేవుడిని జనం గుర్తుపట్టాలి. అందుకని ఏ నాటకంలో ఎవరు వేసినా దేవుడి దుస్తుల రంగు ఒకటే ఉండేలా ముందే నిర్ణయించుకోండి.

నరకపు నోటికి వెదురు బద్దలు వంచి, నల్లగుడ్డ చుట్టి, లోపల ఎర్ర బల్బు పెట్టండి. సాంబ్రాణి పొగ చాలు. ఆ కాలంలో అసలు నిప్పు పెట్టేవాళ్ళు. ‘పట్టుదల కోట’ అని పిలవదగిన 15వ శతాబ్దపు నాటకంలో దయ్యం చేతుల్లో, చెవుల్లో గొట్టాలు పెట్టి తుపాకిమందు కాల్చమని రాసి ఉంది. బాణసంచా జోలికి మీరు పోకండి.

బండిని ఒక్కచోట నిలిపి ఆడితే సగం పాఠం పోతుంది. యార్క్‌లో మికిల్‌గేట్ దగ్గర మొదలై పేవ్‌మెంట్ అనే బజారు దాకా సాధారణంగా 12 చోట్ల ఆగి, ప్రతి బండీ ప్రతిచోటా మళ్ళీ ఆడేది. తెల్లవారుజామున నాలుగున్నరకల్లా నటులు సిద్ధంగా ఉండాలని 1415 నాటి చాటింపు. మీరు మూడు చోట్ల ఆడించండి. కళాశాల గేటు, గ్రంథాలయం ముందు చెట్టు, చివరగా బజారు కూడలి. మొదటిచోట అరుస్తారు, రెండోచోట గొంతు పోతుంది, మూడోచోట ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నేర్చుకుంటారు. కూడలిలో ఆడేందుకు పోలీసుల అనుమతి ముందే తీసుకోండి.

యార్క్ పెద్దలు నాణ్యత విషయంలో చాలా కచ్చితంగా ఉండేవారు. 1476లో నగర మండలి, నేర్పరులైన నలుగురు నటులు అందరినీ పరీక్షించి, గొంతూ ఒడ్డూపొడవూ చాలనివారిని తీసేయాలని నిర్ణయించింది. ఎవరూ ఒకే రోజున రెండుసార్లకు మించి ఆడకూడదని కూడా శాసించింది. తీసేయడం నాకు ఇష్టం లేదు. కానీ నలుగురు పాత విద్యార్థులను పిలిపించి, ప్రదర్శనకు వారం ముందు చూపించడం మానను. వాళ్ళు నాకన్న కఠినంగా చెబుతారు.

సిలువ

ఒక్కటే నాటకం ఆడించే వీలుంటే ఇది ఆడించండి. 300 పంక్తులు. నలుగురు సైనికులు, యేసు. యేసు మాట్లాడేది రెండేసార్లు, ఒక్కొక్కసారి 12 పంక్తులు. మిగిలినదంతా పని. తెలుగులోకి నేనే మార్చుకున్నాను. మీరూ సొంతంగా మార్చుకోండి, గ్రాంథికంలో మాత్రం వద్దు. మూలంలో సైనికులు యార్క్ వీధుల్లోని పనివాళ్ళలా మాట్లాడతారు.

వడ్రంగి చేత రెండు కొయ్యలు చేయించి, అడ్డకొయ్య మీద బెజ్జాలు కావాలనే దూరంగా పొడిపించండి. ఇది చాలా ముఖ్యం. పిల్లలకు ముందు చెప్పకండి. మొదటి రిహార్సల్‌లో యేసు పాత్రధారిని పడుకోబెట్టి చేయి చాపమనండి. నిజంగానే అందదు. అప్పుడు వాళ్ళ మొహాల్లో వచ్చే చిరాకే నాటకానికి కావలసిన చిరాకు. ఆ తరువాత మాటలు చదివించండి. తాడు కట్టి లాగుతారు. మేకు కొడతారు. ఎత్తి నిలబెట్టడానికి నలుగురూ పట్టుకుంటారు. ఒకడు భుజం ఊడిపోయిందంటాడు, ఇంకొకడు ఊపిరి అందడం లేదంటాడు. నిలబెట్టాక మొదలు దిగిన గుంట వెడల్పయి కొయ్య ఊగుతుంది. చెక్క ముక్కలు దిగగొట్టి బిగిస్తారు. అప్పుడు యేసు, దారిన పోయే అందరూ తన గాయాలను చూడమని అడిగి, ఏమి చేస్తున్నారో ఎరుగని ఈ మనుషులను క్షమించమని తండ్రిని వేడుకుంటాడు.

యేసును ట్రాలీ నేల మీదే పడుకోబెట్టండి, ఎత్తు మీద వద్దు. కింద నిలబడ్డ జనానికి అప్పుడు సైనికుల వీపులు, పైకి లేచే సుత్తి మాత్రమే కనబడతాయి. ఏమి జరుగుతున్నదో మాటల్లో వింటారు. సుత్తి చప్పుడు వీధి చివరిదాకా వినబడాలి. చేతికి దూరంగా, ట్రాలీ అంచుకు బిగించిన దళసరి చెక్క మీద కొట్టించండి. పనిలో మునిగిన జనం కూడా ‘ఇంకొంచెం లాగు’ అని మనసులో అనుకుంటారు. అప్పుడు కొయ్య లేస్తుంది. లేచాక కనబడిన మనిషిని చూసి కూడలి మొత్తం మౌనం అయిపోవడం నేను 11 సార్లు చూశాను.

దీనికి భద్రత ఏర్పాట్లు మీరే దగ్గరుండి చూడాలి. పాదాల కింద బలమైన పీట ఉండాలి. నడుముకు, చంకల కిందుగా పట్టీలు కట్టి పై బట్టతో కప్పాలి. పైకి లేచాక నాలుగు నిమిషాలకు మించి ఉంచకూడదు. ఒక మాట ముందే అనుకోండి. పాత్రధారి ఆ మాట అనగానే నాటకం ఆపి దించేయాలి. 1437లో మెట్స్ నగరంలో ఆడిన క్రీస్తు శ్రమల నాటకంలో యేసు పాత్ర వేసిన పురోహితుడు సిలువ మీద ప్రాణం పోయే స్థితికి వచ్చాడు. అదే ప్రదర్శనలో, యేసును పట్టించిన శిష్యుడు యూదా పాత్ర వేసిన మరో పురోహితుడు ఉరితాడుకు ఎక్కువసేపు వేలాడి స్పృహ తప్పాడు. ఇద్దరినీ సమయానికి దించి బతికించారు. మా మొదటి ప్రదర్శనలో గుంటలో చెక్క ముక్కలు సరిగా పడక కొయ్య నిజంగానే పక్కకు ఒరిగింది. పట్టీలు ఉండబట్టి అబ్బాయికి ఏమీ కాలేదు. నేను ఆ రాత్రి నిద్రపోలేదు. మరుసటి ఏడు నుంచి ట్రాలీ అడుగుకు ఇనుప గొట్టం బిగించి, దానిలోకి కొయ్య దించుతున్నాం. ఊగడం ఇప్పుడు నలుగురు సైనికులు నటించేదే.

ఆ రెండో ఏడు నాన్నను తీసుకువెళ్ళాను. ఆయన జనంలో నిలబడి చూశారు. సైనికులు బెజ్జం తప్పిందని వాదించుకుంటుంటే, “బెజ్జం తప్పు పొడిచినవాడు ముందు కొయ్యను తిడతాడు, తరువాత పక్కవాణ్ణి తిడతాడు” అని పక్కాయనతో అన్నారు. కొయ్య లేచాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం, “వాళ్ళు పని బాగా చేయాలనే చూశారమ్మా, అదే కదా భయం” అన్నారు. ఆ నాటకం గురించి నేను చదివిన వ్యాసాల్లో అంత సూటిగా చెప్పినది లేదు.

నవ్వు, లెక్కలు

సిలువ తరువాత పిల్లలకు బరువు దిగాలి. ఇంగ్లండులోనే చెస్టర్ నగరంలో నీళ్ళు మోసేవాళ్ళు ఆడిన నోవహు నాటకం తీసుకోండి. అక్కడ నోవహు భార్య తన స్నేహితురాళ్ళను వదిలి ఓడ ఎక్కనంటుంది. కొడుకులు ఎత్తుకువచ్చి ఎక్కిస్తే నోవహును ఒక్కటి వేస్తుంది. జంతువుల కోసం కంగారు పడకండి. జంతువులన్నిటినీ పలకల మీద బొమ్మలుగా వేయాలని, చెప్పే మాటకు బొమ్మ సరిపోవాలని ఆ నాటకంలోనే ఉంది. ప్రాథమిక పాఠశాల పిల్లలను పిలిచి అట్టల మీద గీయించండి. మా ఓడలో ఒకసారి మూడు డైనోసార్లు కూడా ఎక్కాయి. గీసిన పిల్లవాడు ముందు వరుసలో నిలబడి ఉన్నాడు కనుక వాటిని ఉంచేశాను.

యేసు పుట్టిన కాలపు క్రూర రాజు హేరోదు వేషం వేయాలని ఒకరు తప్పకుండా ముందుకు వస్తారు. ఇంగ్లండులోని కవెంట్రీ నగరపు నాటకంలో హేరోదు బండి మీదా, వీధిలోకి దిగి కూడా కోపంతో ఊగిపోవాలని సూచన. వీధిలోకి దింపండి, చిన్నపిల్లలు ముందు వరుసలో ఉంటే మాత్రం దూరంగా.

లెక్కల పుస్తకం ఒక విద్యార్థికి అప్పగించండి. ఈ నాటకాల గురించి మనకు తెలిసినదానిలో పెద్ద భాగం ఇలాంటి పుస్తకాల నుంచే వచ్చింది. 1573లో కవెంట్రీ కమ్మరి సంఘం ఒకే మనిషికి యూదాను ఉరి తీసినందుకు 4 పెన్నీలు, కోడిలా కూసినందుకు 4 పెన్నీలు ఇచ్చినట్టు రాసుకుంది. అదే ఊరిలో బట్టల వర్తకుల సంఘం నరకపు నోటి దగ్గర నిప్పు చూసుకున్నవాడికి 4 పెన్నీలు, ప్రపంచానికి నిప్పు అంటించినందుకు 5 పెన్నీలు ఇచ్చింది. యార్క్‌లో ప్రతి సంఘం సభ్యుడూ ఏటా ‘పేజెంట్ వెండి’ అని చందా కట్టేవాడు. మేము కూడా తలా కొంత వేసుకుంటాం. తాడు, గుడ్డ, రంగు, ట్రాక్టరు అద్దె, టీ ఖర్చు. టీ ఎవరు పోశారో పేరుతో సహా రాయించండి.

ఆరో వారానికి మీకు ఓపిక ఉంటే ‘ఎవ్రీమ్యాన్’ చేర్చండి. డచ్చి నాటకం నుంచి ఇంగ్లీషులోకి వచ్చి, 16వ శతాబ్దం మొదట్లో అచ్చయినది. దానికి బండి వద్దు, గది చాలు. మృత్యువు వచ్చి లెక్కలు తీసుకురమ్మంటుంది. స్నేహితులు, బంధువులు, సంపద ఒక్కొక్కరుగా తప్పుకుంటారు. నేల మీద లేవలేక పడి ఉన్న సత్కార్యం మాత్రం సమాధి దాకా వస్తుంది. తోడు రాలేమని చెప్పేవాళ్ళ మాటలు మర్యాదగా, ప్రేమగా పలకాలి. దుర్మార్గుల్లా పలికితే నాటకం చచ్చిపోతుంది.

ఇవి ఎలా ఆగిపోయాయని పిల్లలు తప్పక అడుగుతారు. 16వ శతాబ్దపు క్రైస్తవ మతసంస్కరణ తరువాత ఇంగ్లండు అధికారులకు ఈ నాటకాలు పాత కాథలిక్ మతపు వాసనగా తోచాయి. పారిస్‌లో 1548లో పవిత్ర కథల నాటకాలను న్యాయస్థానం నిషేధించింది. యార్క్‌లో చివరి ప్రదర్శన 1569లో, చెస్టర్‌లో 1575లో, కవెంట్రీలో 1579లో. యార్క్‌లో మళ్ళీ 1951లో సెయింట్ మేరీ మఠం శిథిలాల మధ్య ఆడారు. ఇప్పుడు అక్కడ బండ్లు కూడా మళ్ళీ వీధుల్లో తిరుగుతున్నాయి. స్పెయిన్‌లోని ఎల్చే పట్టణంలో అయితే మరియమ్మ పరలోకం చేరే నాటకం ఇప్పటికీ ప్రతి ఆగస్టు 14, 15 తేదీల్లో చర్చి లోపల జరుగుతుంది. గోపురం నుంచి దేవదూతలు తాడు మీద దిగుతారు. ఆ దృశ్యాలు ఫోనులో చూపించి, ఆ తాళ్ళనూ మన తొమ్మిది ఎర్ర బొమ్మల తాడునూ పక్కపక్కన పెట్టి మాట్లాడుకోనివ్వండి.

ప్రదర్శన మరుసటి రోజు అందరూ రావాలి, నటులు ముందుగా. బాదులు విప్పి వరుస సంఖ్యలు రాయండి. తాడులు ఎండబెట్టి చుట్టండి. దేవదూతలను పాత చీరలో చుట్టి అట్టపెట్టెలో పెట్టండి. యార్క్ సంఘాలు బండ్లు దాచడానికి కొట్లు అద్దెకు తీసుకునేవి. మాకు కళాశాల సైకిల్ షెడ్డులో ఒక మూల దొరికింది. సిలువ కొయ్యలను గోడకు ఆనించకండి, నేల మీద పెట్టకండి. నాలుగు ఇటుకల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టి, రెండు నెలలకొకసారి తిప్పి చూడండి. చెద పట్టేది ఎప్పుడూ కింది వైపు నుంచే.